వినపడని పదకొండు

నవంబరు 6

కోడలు పిల్లకి,

పొద్దున నీటిమట్టం రెండు మీటర్ల ఎనభై నాలుగు. గాలి లేదు. మేమిద్దరం బాగున్నాం. మీ అత్తయ్య మోకాలి నొప్పి ఇంకా ఆమె దగ్గరే ఉంది. ఆ సంగతి రోజూ నాకు గుర్తుచేస్తూనే ఉంది.

నువ్వడిగిన పుస్తకాలు మూడూ ఫొటోకాపీ తీయించి ఈ గురువారం లాంచీలో పంపుతున్నాను. పోయిన ఉత్తరంలో "ఫోన్ చేయొచ్చు కదా మామయ్యా" అని రాశావు. ఈ లోయలో ఫోను పనిచేయదు. చేయాలంటే కొండెక్కాలి. ఎక్కేసరికి ఊపిరి అందదు. రొప్పుతూ మాట్లాడితే నువ్వు కంగారు పడతావు. వారానికి ఒకసారి వచ్చే లాంచీయే నయం.

పుస్తకం చదివే పద్ధతి చెబుతాను. ఒక పేజీ ఒక నెల. పైన తేదీలు, పక్కన తాబేళ్ల నంబర్లు. మూడేళ్ల కిందట మీ కాలేజీవాళ్లు ముప్ఫై ఎనిమిది మెత్తచిప్ప తాబేళ్లని పట్టి, ఒక్కోదాని చిప్ప అంచుకి బఠాణీ గింజకి కాస్త పెద్దదైన రేడియో అతికించి వదిలారు. "నీటిమట్టం చూడటానికి రోజూ గట్టు మీదికి వెళ్తారు కదా, ఒక చెవి వీటి మీద కూడా వేయండి" అని నాకు యాంటెనా, పెట్టె ఇచ్చి వెళ్లారు. పెట్టె మీద ఒక్కో నంబరు తిప్పితే ఒక్కో తాబేలు టిక్ టిక్ అంటుంది. వినపడితే ఆ గడిలో గీత పెడతాను. చచ్చి దొరికితే సున్నా. అంతకన్నా నాకేమీ తెలియదు.

ఒక్క మాట. వాటికి గుడ్లు పెట్టే కాలమని ఎండాకాలంలో అవి ఉండే మడుగు మీద చేపల వలలు వేయనివ్వరు. చలికాలంలో వేసుకోనిస్తారు. చలికాలం కూడా మూయాలని నా కోరిక. ఫిబ్రవరిలో నది ఆఫీసువాళ్లు దీని గురించే కూర్చుంటారు. నేను చెబితే వినరు. నేను నీళ్లు కొలిచేవాణ్ణి. ఏ కాలంలో ఎన్ని చస్తున్నాయో నువ్వు లెక్క కట్టి ఇస్తే వింటారు. అందుకే పుస్తకాలు జాగ్రత్త.

మామయ్య

నవంబరు 18

మామయ్యా,

పుస్తకాలు అందాయి. నువ్వు కట్టిన ముళ్లు విప్పడానికి హాస్టల్లో ముగ్గురం పట్టాం. ఎవర్ని నమ్మక అన్ని ముళ్లు వేశావు?

మూడేళ్లు! రోజుకి రెండుసార్లు! గీతలన్నీ ఒకే పొడవు, ఒకే వాలు. నేను క్లాసు నోట్సు కూడా నెల రోజులు వరసగా రాయలేదు. మా మేడమ్‌కి చూపించాను. ఆవిడ కళ్లజోడు నుదుటి మీదికి తోసి చాలాసేపు పేజీలు తిప్పింది. "ఇంత శుభ్రమైన పుస్తకం నేనెక్కడా చూడలేదు. మీ మామయ్య నిజంగా రోజూ వెళ్లాడా, ఇంట్లో కూర్చుని నింపేశాడా?" అంది. నేను నవ్వేశాను. నువ్వూ నవ్వేయి.

కానీ ఆవిడ అడిగినదాంట్లో ఒక పాయింటుంది. ముప్ఫై ఎనిమిదిలో ఆరు చచ్చి దొరికాయి. ఆరూ ఎండాకాలంలోనే. ఐదు మధ్యలో ఎక్కడో ఆగిపోయాయి, అక్కడి నుంచి వాటి వరస ఖాళీ. మిగతా ఇరవై ఏడింటికీ మూడేళ్లలో ఒక్క ఖాళీ గడి కూడా లేదు. వానలున్నాయి, ఉరుములున్నాయి, బ్యాటరీలున్నాయి, లోతుంది. నీకు మాత్రం ఏదీ అడ్డు రాలేదా?

ఇంకో చిక్కు. పుస్తకాన్ని ఉన్నదున్నట్టు లెక్కేస్తే చలికాలం చావులు సున్నా. అదే ఆఫీసుకి పంపితే "చలికాలం వలల వల్ల ఒక్కటీ చావడం లేదుగా, మూయడం దేనికి" అని కాగితం మడిచేస్తారు. నువ్వు కోరుకున్నదానికి సరిగ్గా ఎదురు.

అమ్మ అడగమంది, చలికోటు వేసుకుంటున్నావా లేక పెట్టెలో దాచుకుంటున్నావా అని.

నీ కోడలు

నవంబరు 27

కోడలు పిల్లకి,

మట్టం రెండు అరవై ఒకటి. మీ మేడమ్ గారికి నమస్కారం చెప్పు. నేను రోజూ వెళ్లాను.

మామయ్య

*అమ్మలూ, అత్తయ్యని. ఆయన ఉత్తరం అంటించేలోపు కింద ఇంత చోటుంటే రాస్తున్నాను. ఏం రాశావే తల్లీ? నాలుగు రోజులుగా మనిషి గోడతో మాట్లాడుతున్నట్టున్నాడు. అసలే మాట పొదుపు, ఇప్పుడు అదీ లేదు. ఇంట్లో కూర్చుని నింపాడంటావా? ఒంట్లో బాగోని రోజు కూడా నా భుజం పట్టుకుని గట్టెక్కాడు. నేను సాక్ష్యం. కొన్ని గడులు తర్వాత నింపుతాడు, అది వేరే సంగతి. నెలన్నర కనపడనిది ఏదో ఒకటి మళ్లీ టిక్ టిక్ అందనుకో, పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చి "వచ్చిందే, వచ్చిందే" అని ఆ నెలన్నర గడులూ కూర్చుని ఒక్కొక్కటే గీస్తాడు. ఆ రోజు మొహం చూడాలి. అది దొంగతనమా చెప్పు? మీ మేడమ్‌కి ఇది చదివి వినిపించు.*

డిసెంబరు 5

మామయ్యా,

తప్పు నాది. మేడమ్ మాటని నవ్వులాటగా రాశాను. కాగితం మీద నవ్వు వినపడదని తోచలేదు. నువ్వు రోజూ వెళ్లావని నాకు ఎప్పుడూ అనుమానం లేదు. అమ్మకి చెబితే, "నీకు పుట్టుకతోనే మెదడుకీ నోటికీ మధ్య తలుపు లేదు" అంది.

అత్తయ్య రాసిన నాలుగు లైన్లు మాత్రం పదిసార్లు చదివాను. మామయ్యా, కోపం పక్కన పెట్టి ఒక్కటి చెప్పు. తాబేలు కొన్నాళ్లు వినపడక మళ్లీ వినపడితే, మధ్య రోజులన్నీ గీతలతో నింపుతావా? ఎప్పుడూ? అన్నిటికీ? ఏ గీత నిజంగా విన్నదో, ఏది తర్వాత పెట్టిందో చెప్పగలవా? ఫొటోకాపీలో అన్నీ ఒకేలా నల్లగా ఉన్నాయి.

నేరం మోపడం లేదు. నాకిది చాలా అవసరం.

నీ కోడలు

డిసెంబరు 13

కోడలు పిల్లకి,

మట్టం రెండు నలభై. గట్టు మీద గడ్డి పొద్దున తెల్లగా ఉంటోంది. కోటు వేసుకుంటున్నానని మీ అమ్మకి చెప్పు.

కోపం రాలేదు. వచ్చింది, పోయింది.

నేను ఈ ఉద్యోగంలో చేరినప్పుడు నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే ఒక మాట చెప్పాడు. మట్టం పుస్తకంలో ఖాళీ గడి ఉండకూడదు. ఒకరోజు చూడలేకపోతే, నిన్న రెండు ఇరవై, రేపు రెండు నలభై అయితే, మధ్యలో రెండు ముప్ఫై అని రాయాలి. పైవాళ్లు కూడా అలాగే అడుగుతారు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అలాగే రాస్తున్నాను. ఎవరూ తప్పు పట్టలేదు. తప్పు కాదు కూడా.

తాబేళ్లకీ అదే చేశాను. నవంబరులో వినపడింది, ఫిబ్రవరిలో వినపడింది. మధ్యలో బతికే ఉందని వేరే చెప్పాలా? చచ్చి మళ్లీ బతకదు కదా. అందుకని గీతలు పెట్టాను. రానివాటికి ఖాళీ వదిలాను, ఏం రాయాలో తెలియక. అవే ఆ ఐదు.

చలి ముదిరితే సగానికి కాస్త తక్కువ తాబేళ్లు మడుగు లోతుకి దిగిపోతాయి. మడుగు మధ్యలో ఏడు నిలువుల లోతుంటుంది. రెండు నిలువులు దాటాక రేడియో గొంతు పైకి రాదు. ఈ ఏడాది ఇప్పటికే ఏడు దిగాయి.

ఏది విన్నదో ఏది నింపిందో చెప్పగలను. గట్టు మీద పెన్సిలుతో రాస్తాను, చలికి పెన్ను పారదు కాబట్టి. ఇంటి దగ్గర నింపేది పెన్నుతో. అసలు పుస్తకాల్లో స్పష్టంగా తెలుస్తుంది.

ఇందులో అంత అవసరమేముందో నాకు అర్థం కాలేదు. వివరంగా రాయి.

మామయ్య

డిసెంబరు 20

మామయ్యా,

పెన్సిలూ పెన్నూ! మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడింది. నీ పుస్తకం బతికిందన్నమాట. వివరంగా రాస్తాను, విసుక్కోకు.

నీళ్ల సంగతి వేరు. నిన్నటికీ రేపటికీ మధ్య నది ఎక్కడికీ పోదు. ప్రాణం అలా కాదు. మునిగిన తాబేళ్లు పది అనుకో. ఏడు బతికి పైకొచ్చాయి, మూడు అడుగునే చచ్చాయి. ఆ ఏడింటికీ చలికాలం రోజులన్నీ నువ్వు రాసిచ్చావు. ఆ మూడింటికీ ఒక్క రోజూ రాలేదు, చావు కూడా రాలేదు. వరస ఆగిపోయిందంతే. పుస్తకం చూసినవాడికి ఏం కనపడుతుంది? చలికాలమంతా ఏడు తాబేళ్లు హాయిగా బతికాయి, ఒక్క చావూ లేదు. తిరిగి వచ్చినందుకు బహుమానంగా రోజులిచ్చావు మామయ్యా. తిరిగి రానివాటి చావుని ఎవరూ చూడలేదు. సున్నా అక్కడి నుంచి వచ్చింది.

స్కూల్లో హాజరు పట్టీ అనుకో. నెల రోజుల తర్వాత వచ్చిన పిల్లకి ఆ నెలంతా హాజరు వేసి, అసలు రానిదాని పేరు కొట్టేస్తే, ఆ స్కూల్లో ఎవరూ ఎప్పుడూ మానలేదనే తేలుతుంది.

అందుకని పద్ధతి ఇది. వినపడిన రోజుల్లోనే తాబేలు లెక్కలో ఉంటుంది. వినపడని రోజు నుంచి లెక్కలోంచి తీసేస్తాం. మళ్లీ వినపడిన రోజు నుంచి మళ్లీ చేరుస్తాం. మధ్య రోజులు ఎవరికీ ఇవ్వం, వచ్చినదానికైనా సరే, రానిదానికైనా సరే.

పెన్నుతో నింపిన గీతలన్నీ కొట్టేసి, ఎన్నో లెక్కపెట్టి పంపగలవా? ఈ ఏడాది దిగినవాటిని కూడా తీసేస్తున్నాను.

నీ కోడలు

జనవరి 2

కోడలు పిల్లకి,

మట్టం రెండు పందొమ్మిది. ఈ ఏడాది దిగినవి పదకొండయ్యాయి.

పది రోజులు కూర్చుని కొట్టేశాను. వెయ్యీ ఏడు వందల అరవై మూడు గీతలు. ఒక్కోదాని మీద ఒక్కో అడ్డగీత. మీ అత్తయ్య పక్కన కూర్చుని నంబర్లు చదివింది. పధ్నాలుగో నంబరు దగ్గర "ఇది నిజంగానే వచ్చిందిగా, ఇదెందుకు కొట్టేయడం" అంది. నాకూ చేయి ఆడలేదు. ఆ రోజుల్లో అది బతికే ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆ రోజుల్లో నేను దాన్ని వినలేదు. రెండూ నిజమే. కొట్టేశాను.

అంతా అయ్యాక పుస్తకం చూస్తే భయం వేసింది. చలికాలం పేజీలన్నీ చిల్లులే. మూడేళ్లుగా నాకు తెలుసనుకున్నది ఇంతేనా అనిపించింది. అంత పెద్ద నది, దాని అడుగున ఏముందో నేను చూసింది ఎంత.

కానీ నువ్వు రాసిన ఆఖరి ముక్క నాకు నచ్చలేదు. ఈ ఏడాది దిగినవాటినీ లెక్కలోంచి తీసేస్తున్నానన్నావు. లెక్కలోంచి తీసేయడమంటే చంపేసినట్టే కదా. అవి బతికున్నాయి. నాకు రుజువుంది. తాబేలు చస్తే ఒళ్లు ఉబ్బి తేలుతుంది. తేలితే రేడియో పైకొస్తుంది, ఎప్పుడూ లేనంత గట్టిగా వినపడుతుంది. ఆ ఆరూ నాకు అలాగే దొరికాయి. చచ్చినవి అరుస్తాయి, బతికినవే ఊరుకుంటాయి. వినపడలేదంటే బతికున్నట్టే.

వంతెన కాళ్లు చూసే గజ ఈతగాడు ఏటా జనవరిలో వస్తాడు. వాడితో మాట్లాడతాను.

మామయ్య

జనవరి 10

మామయ్యా,

చంపలేదు! తీసేయడమంటే చంపడం కాదు. వాటి గురించి మాట్లాడకుండా నోరు మూసుకోవడం. పదకొండూ బతికున్నాయని అనను, చచ్చాయనీ అనను. అంతే. నువ్వు నీ పదకొండింటి కోసం నాతో పోట్లాడుతుంటే మేడమ్ "మీ మామయ్యకి మన శాఖలో కుర్చీ వేయాలి" అంది. ఈసారి నిజంగా నవ్వుతూ అంది, నేను చూశాను.

తేలతాయన్నది నాకు తెలియదు. ఏ పుస్తకంలోనూ లేదు. అదే నిజమైతే లెక్క మొత్తం మారుతుంది. కానీ మామయ్యా, ఎప్పుడూ తేలతాయా? నీకు దొరికిన ఆరూ తేలాయి. తేలనిది నీకెలా దొరుకుతుంది?

రెండు రోజులు లైబ్రరీలో కూర్చుని ఇంకొకటి చదివాను. ఇలాంటి తాబేళ్లు చల్లటి నీళ్లలో బురదలో దూరి, గొంతు లోపలి పొరతో, ఒంటి తోలుతో నీళ్లలోని ప్రాణవాయువుని లాగుతాయట. వారాల తరబడి పైకి రావట. గుండె నిమిషానికి ఒకటో రెండో సార్లు కొట్టుకుంటుందట. చదువుతూ నా మణికట్టు పట్టుకుని చూసుకున్నాను. ఒక్క నిమిషంలో డెబ్బై ఎనిమిది. ఎందుకింత హడావుడి నాకు అనిపించింది.

నువ్వు మాత్రం నీళ్లలో దిగకు. అమ్మ మీద ఒట్టు.

నీ కోడలు

జనవరి 23

కోడలు పిల్లకి,

మట్టం రెండు పదకొండు. నేను దిగలేదు. గజ ఈతగాడు దిగాడు. నేను, మీ అత్తయ్య పడవలో ఉన్నాం. మోకాలు నొప్పి అన్న మనిషి పడవలోకి నాకంటే ముందు ఎక్కింది.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

వాడికి మడుగు మధ్య చోటు చూపించాను. రబ్బరు సూటు, వీపు మీద సిలిండరు, నడుముకి తాడు. మధ్యాహ్నం పన్నెండుకి దిగాడు. తాడు నా చేతిలో ఉంది. ఆరు నిమిషాలకి తాడు రెండుసార్లు గుంజాడు, అంటే పైకి లాగమని. వచ్చి పడవ అంచు పట్టుకుని, మూతి ముసుగు తీశాడు.

"ఏంట్రా, రాయి తగిలిందా?" అన్నాను.

"రాయి కాదండీ. కింద నేల లేదండీ."

"నేల లేకపోతే ఏముంటుంది?"

"తాబేళ్లండీ. పళ్లేలు బోర్లించినట్టు ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నాయండీ. నేల అనుకుని చెయ్యి ఆనించాను. నేల కదిలిందండీ."

మీ అత్తయ్య రెండు చేతులూ జోడించింది. ఎవరికి జోడించిందో నేను అడగలేదు.

మన గదంత చోటులో ముప్ఫైకి పైగా ఉన్నాయన్నాడు. చాలావాటికి రేడియోల్లేవు. రేడియో ఉన్నవాటి కోసం చిప్పల అంచులు తడిమి చూడమన్నాను. నాలుగుసార్లు దిగాడు. మూడింటిని ఒక్కొక్కటిగా తెచ్చి చూపించి మళ్లీ దింపాడు. మొదటిది పధ్నాలుగు. దాన్ని నా ఒళ్లో పెట్టాడు. రాయిలా చల్లగా ఉంది. చచ్చిందనుకున్నాను. పెట్టె ఆన్ చేసి పధ్నాలుగు తిప్పాను. చెవులు పగిలేలా టిక్కుమంది, చెవులకి పెట్టుకున్న హెడ్‌ఫోను తీసేశాను. అప్పుడు అది కన్ను తెరిచింది. మెల్లగా. నా వైపే చూసిందని అనను, ఎటు చూసిందో తెలియదు. గొంతు కింద తోలు ఒక్కసారి లోపలికి పోయి మళ్లీ బయటికి వచ్చింది. నలభై ఆరు రోజులుగా ఇదే పని చేస్తోంది, ఏడు నిలువుల కింద, చీకట్లో, ఎవరూ వినకుండా. పైన నేను వాన పడిందా లేదా అని రాసుకుంటున్నాను. నా ఊపిరి నాకే మరీ చప్పుడుగా అనిపించింది. వెంటనే దింపేయమన్నాను.

తర్వాత ముప్ఫై ఒకటి, తొమ్మిది. రెండూ బతికే ఉన్నాయి.

నాలుగోసారి తాడు చాలాసేపు కదల్లేదు. వాడు పైకి వచ్చేటప్పుడు చేతిలో వల ముక్క ఉంది. సీసం గుళ్లు కట్టిన వల. ఎప్పుడో తెగి అడుక్కి పోయింది. అందులో ఇరవై మూడో నంబరు తాబేలు. నేను దాన్ని తొందర అని పిలిచేవాణ్ణి, ఏటా అన్నిటికన్నా ముందు దిగేది. మెడ వలలో మెలిపడి ఉంది. చచ్చి చాలా రోజులైంది. సీసం బరువుకి తేలడానికి దారి లేదు.

చచ్చినవి తేలతాయని నీకు గట్టిగా రాశాను. తేలనిది నీకెలా దొరుకుతుందని నువ్వడిగావు. దొరికింది.

ఒకటి చెబుతాను. ఈ ఇరవై మూడొక్కటి చాలు కదా. చలికాలం వల, చలికాలం చావు. దీన్ని లెక్కలో వేసి ఆఫీసుకి పంపు. మూసేస్తారు.

మామయ్య

జనవరి 31

మామయ్యా,

"నేల కదిలిందండీ" దగ్గర చదవడం ఆపి బయటికి వెళ్లి నిలబడ్డాను. మేడమ్‌కి ఫోన్లో చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది.

ఇక నుంచి వాటిని పైకి తేవద్దు. వాటి దగ్గర ఆ చలికాలానికి సరిపడా బలమే ఉంటుంది.

ఇరవై మూడు సంగతి. దాన్నొక్కదాన్నే వేయలేను. నాకూ వేయాలనే ఉంది. కానీ వినపడని రోజుల్లో బతికినవాటిని నీ చేత కొట్టించి, వినపడని రోజుల్లో చచ్చినదాన్ని మాత్రం వేసుకుంటే, అది ముందు చేసిన తప్పుకి అద్దంలో బొమ్మే. వేస్తే నాలుగూ వేయాలి. గజ ఈతగాడు వెతికిన చోట దొరికినవి నాలుగు. మూడు బతికున్నాయి, ఒకటి చచ్చింది. పధ్నాలుగు, ముప్ఫై ఒకటి, తొమ్మిది, ఇరవై మూడు. అందరికీ ఒకే కొలత.

అలా వేస్తే నాలుగింట ఒకటి. నాలుగే కాబట్టి దాని మీద నమ్మకం ఎంతంటే, లోతుకి దిగినవాటిలో నూటికి ఒక్కటే చస్తూ ఉండొచ్చు, ఎనభై చస్తూ ఉండొచ్చు. మిగతా ఏడూ వేరే చోట ఉంటే ఈ మాట కూడా తప్పే కావొచ్చు. రిపోర్టులో ఇదే రాశాను. మొదట సున్నా అని ఉండేది. ఇప్పుడు "ఒకటి నుంచి ఎనభై దాకా ఎంతైనా" అని ఉంది. చూడటానికి మునుపటికన్నా అధ్వాన్నం. నాకు మాత్రం ఇది చేత్తో పట్టుకుంటే బరువుగా తగులుతోంది.

మీటింగు ఇరవయ్యో తేదీ. ఆ రోజు మాకు పరీక్షలు, మేడమ్‌కి కూడా రావడం కుదరదు. రిపోర్టు నువ్వే చదవాలి. నువ్వు వద్దంటావని తెలుసు. అందుకే అడగడం లేదు, చెబుతున్నాను.

నీ కోడలు

ఫిబ్రవరి 27

కోడలు పిల్లకి,

మట్టం రెండు పద్దెనిమిది. పెరగడం మొదలైంది.

చదివాను. చొక్కా మీ అత్తయ్య ఇస్త్రీ చేసింది. బల్లకి అటు ఆఫీసువాళ్లు ఐదుగురు, ఇటు వలలవాళ్లు పదిమంది దాకా. నా గొంతు మొదట్లో నాకే వినపడలేదు. పెద్ద ఆఫీసరమ్మ "కొంచెం గట్టిగా" అంది. మళ్లీ మొదటి నుంచి చదివాను.

"ఒకటి నుంచి ఎనభై" దగ్గర వలల పెద్ద నవ్వాడు. "ఇదేం లెక్కండీ? మా ఇంట్లో మేకనడిగినా ఇంతకన్నా దగ్గరగా చెబుతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఆ మాటలో అబద్ధం లేదు.

అప్పుడు అసలు పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. అది నువ్వు చెప్పింది కాదు. నాకే పెట్టాలనిపించింది. "దగ్గరగా చెప్పే లెక్క ముందు ఉండేదండీ. సున్నా. అది నేను చేసింది. ఈ అడ్డగీతలున్నవన్నీ నేను వినకుండా విన్నట్టు రాసినవి. వెయ్యీ ఏడు వందల అరవై మూడు" అన్నాను. పుస్తకం చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరిగింది. వలల పెద్ద ఎక్కువసేపు చూశాడు. వేలు ఒక వరస మీద పెట్టి మెల్లగా చివరిదాకా జరిపాడు. ఇక నవ్వలేదు.

ఆఫీసరమ్మ అడిగింది. "ఇవాళ ఆ మడుగు అడుగున ఎన్ని బతికున్నాయి?"

"తెలియదండీ."

"వల వేస్తే ఎన్ని చస్తాయి?"

"అదీ తెలియదండీ. ఒకటి చచ్చింది చూశాను. మూడు బతికుండటం చూశాను. కింద పడుకున్నవి నేను అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ. అవి లేచి పారిపోలేవు. తెలిసేదాకా ఆగమని అడగడానికి వచ్చాను."

ఇంత పొడుగ్గా నేనెప్పుడూ మాట్లాడలేదు.

వాళ్లు గంటన్నర మాట్లాడుకున్నారు. రెండు చలికాలాలు మడుగు మూయాలని రాశారు. ఆ రెండేళ్లూ వలలవాళ్లు కింది రేవులో వేసుకోవచ్చు. అడుగున తెగి పడున్న వలలన్నీ తీయించాలని కూడా రాశారు, నీళ్లు వేడెక్కి తాబేళ్లు లేచాక. దానికి మనుషుల్ని ఎవరు ఇస్తారంటే వలల పెద్దే చెయ్యెత్తాడు. బయటికి వచ్చాక నా దగ్గరకొచ్చి, "ఆ సీసం గుళ్లు మావే అయ్యుంటాయి. మా నాన్న కాలంనాటివి కూడా ఉంటాయి అక్కడ" అన్నాడు. ఇద్దరం లాంచీ దాకా కలిసి నడిచాం.

ఇవాళ పొద్దున ఎప్పటిలాగే మట్టం చూసి, పడవ తీసుకుని ఒక్కణ్ణే మడుగు మధ్యకి వెళ్లాను. ఎండ బాగా ఉంది. నీళ్ల మీద ఒక్క వల తెప్ప లేదు. యాంటెనా కిందికి వంచి వినపడని పదింటి నంబర్లూ వరసగా తిప్పాను. తర్వాత వరస లేకుండా తిప్పాను. అన్ని నంబర్ల మీదా ఒకటే హోరు, వాన దూరంగా పడుతున్నట్టు. ఆ హోరు కింద ఏడు నిలువుల నీళ్లు, ఆ నీళ్ల కింద అవి.

ఒక్కటీ వినపడలేదు. గంటసేపు విన్నాను.

మామయ్య